మోటారు సైకిలు శిక్షణ: కొత్తవారు మొదట నేర్వవలసినది ఆపడమే

సరిహద్దు గ్రామాల జీవనంలో మోటారు సైకిలు నేడు ఒకప్పటి ఎద్దుల బండి స్థానాన్ని ఆక్రమించింది. రాయచూరు జిల్లాలోని తెలుగు పల్లె నుండి కర్నూలు ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పర్లాకిమిడి నుండి పాతపట్నంలోని బంధువుల ఇంటికి పోవాలన్నా, సిరొంచ నుండి గోదావరి దాటి కాళేశ్వరం చేరాలన్నా, యానాం నుండి కాకినాడకు పని మీద బయలుదేరాలన్నా ఇంటి ముందున్న బండే మొదట గుర్తుకు వస్తుంది. ఒక రాష్ట్రపు బస్సు సరిహద్దు వద్ద ఆగిపోయి, మరొక రాష్ట్రపు బస్సు కోసం గంటసేపు కాచుకోవలసిన చోట ద్విచక్ర వాహనం విలాసవస్తువు కాదు, అవసరం.

ఇంతటి అవసరమైన వాహనాన్ని నేర్చుకునే పద్ధతి మాత్రం పల్లెలలో చాలావరకు ఒక్కటే. చిన్నాన్న బండో, బావ బండో ఒక సాయంత్రం చేతికి వస్తుంది. వెనుక కూర్చున్న పెద్దవాడు "క్లచ్ మెల్లగా వదులు, ఎక్సిలేటరు ఇవ్వు" అంటాడు. బండి రెండుసార్లు కుదుపులతో ఆగిపోతుంది, మూడవసారి కదులుతుంది. నాలుగు రోజులు చెరువు గట్టు మీద తిరిగిన తరువాత కుర్రవాడికి బండి వచ్చిందని ఇంట్లో అందరూ నిశ్చయించుకుంటారు. అయిదవ రోజున అతడే అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని జాతీయ రహదారి ఎక్కుతాడు.

ఈ పద్ధతిలో నేర్చినవాడికి బండిని కదిలించడం వస్తుంది, గేరు మార్చడం వస్తుంది, వేగంగా పోవడమూ వస్తుంది. గేదె అడ్డు వచ్చినప్పుడు ఇరవై మీటర్లలో పడిపోకుండా ఆపడం మాత్రం ఎవ్వరూ నేర్పి ఉండరు. కొత్తవారికి శిక్షణ అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

అంకెలు చెప్పే సత్యం

కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022 సంవత్సరంలో మన దేశంలో రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీరిలో దాదాపు 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. ఆ సంవత్సరమే హెల్మెట్టు ధరించక మరణించినవారి సంఖ్య 50,029. అందులో 35,692 మంది బండి నడుపుతున్నవారు కాగా, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చునే తల్లి, భార్య, తాత, బడిపిల్ల ఈ లెక్కలో ఉన్నారన్న సంగతి ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి.

అనుభవం లేకపోవడం లోపం కాదు

"నాకు బండి అసలే రాదు, శిక్షణకు పోతే నవ్వుతారు" అనే జంకు చాలామందిలో, ముఖ్యంగా స్త్రీలలోను, నలభై దాటినవారిలోను కనిపిస్తుంది. అయితే ప్రారంభ శిక్షణ అనేది ఏమీ రానివారి కోసమే రూపొందినది. అమెరికాలో 1973లో ఏర్పడిన మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ నడిపించే ప్రారంభ తరగతులకు సైకిలు తొక్కడం వస్తే చాలునని భావిస్తారు. చిన్న ఇంజను గల తేలికైన బండిని శిక్షకులే ఇస్తారు. వాహనాలు తిరగని మైదానంలోనే సాధన అంతా జరుగుతుంది. బ్రిటన్‌లో 1990 చివర నుండి కొత్తవారు ప్రాథమిక శిక్షణ పూర్తి చేయనిదే, పలకలు తగిలించుకొని అయినా, రోడ్డు ఎక్కడానికి వీలులేదు.

జపానులోని శిక్షణ పాఠశాలల పద్ధతి ఇంకా విచిత్రంగా తోస్తుంది. అక్కడ 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల సన్నని దిమ్మె మీదుగా బండిని నడిపిస్తారు. మధ్యతరగతి బండికి కనీసం 7 సెకన్లు, పెద్ద బండికి కనీసం 10 సెకన్లు పట్టాలి. అంతకంటె త్వరగా దాటితే మార్కులు పోతాయి. మన ఊళ్ళలో ఎంత వేగంగా పోగలడన్నది చూసి కుర్రవాడిని మెచ్చుకుంటారు. అక్కడ ఎంత నెమ్మదిగా పోగలడన్నది చూసి లైసెన్సు ఇస్తారు. వేగంగా పోయే బండి తనంత తానే నిలబడుతుంది. నెమ్మదిగా పోయే బండిని నిలబెట్టవలసినది మనిషే.

నిజానికి కొద్దిపాటి అనుభవం ఉన్నవారికంటె ఏమీ రానివారికే నేర్పడం సులభం. నాలుగు వేళ్ళనూ ఎప్పుడూ ఎక్సిలేటరు మీదనే ఉంచడం, ఆపవలసి వస్తే వెనుక బ్రేకునే తొక్కడం, మలుపులో ముందు చక్రాన్నే చూడడం వంటి అలవాట్లు ఒకసారి పడితే వాటిని పోగొట్టడానికే సగం శిక్షణ ఖర్చవుతుంది.

మన దేశంలో డ్రైవింగు పాఠశాలలు ఎక్కువగా కార్లు నేర్పుతాయి. హోండా వంటి తయారీ సంస్థలు కొన్ని నగరాలలో ద్విచక్ర వాహన శిక్షణ కేంద్రాలు నడుపుతున్నాయి. నగరానికి పోయి వచ్చే వీలున్నవారు అటువంటి చోట చేరడం ఉత్తమం. ఆ వీలు లేని పల్లెవాసులు శిక్షణలోని వరుసను తెలుసుకుంటే అనుభవజ్ఞుడైన ఒక పెద్ద పర్యవేక్షణలో చాలావరకు ఊరి మైదానంలోనే సాధన చేయవచ్చు.

శిక్షణలోని వరుస

మొదటి మెట్టు: ఇంజను ఆపి ఉంచడం. కొత్తవారు ముందుగా బండి బరువును తెలుసుకోవాలి. స్టాండు తీసి, పక్కన నడుస్తూ బండిని తోయాలి. ముందు బ్రేకు మెల్లగా నొక్కి ఆపాలి. తరువాత ఎక్కి కూర్చొని, పాదాలు రెండూ నేలకు ఆనుతున్నవో లేదో చూసుకోవాలి. పాదాలు అందని ఎత్తైన బండి మీద నేర్చుకోవడం కష్టం. గేరు వరుస అన్ని బండ్లలో ఒకే విధంగా ఉండదు. కొన్నింటిలో గేర్లన్నీ ముందుకు తొక్కితే పడతాయి, మరికొన్నింటిలో మొదటిది కిందికి, మిగిలినవి పైకి. ఇంజను ఆపి ఉన్నప్పుడే ఈ వరుస కాలికి అలవాటు కావాలి.

రెండవ మెట్టు: క్లచ్. క్లచ్ పిడిని పూర్తిగా పట్టినప్పుడు ఇంజను శక్తి చక్రానికి చేరదు. మెల్లగా వదిలేకొద్దీ ఒకచోట బండి కదలడానికి సిద్ధపడుతుంది. ఆ చోటును చేయి గుర్తుపట్టాలి. పాదాలు నేల మీదనే ఉంచి, ఎక్సిలేటరు తగిలీ తగలనట్లు ఇచ్చి, క్లచ్‌ను ఆ చోటి వరకు వదలి బండి అడుగు ముందుకు వేయగానే మరల పట్టాలి. ఇది యాభైసార్లు చేసినవాడి బండి తరువాత కుదుపులతో ఆగిపోదు, ఎగిరి ముందుకు దూకదు. అపాయం ఎదురైనప్పుడు క్లచ్ పడితే బండి ఇంజను లాగుడు నుండి విడిపోతుందన్న నమ్మకం కూడా ఇక్కడే కలుగుతుంది.

మూడవ మెట్టు: నేరుగా పోవడం, ఆగడం. మొదటి గేరులో ఇరవై మీటర్లు పోయి, గీసిన గీత వద్ద ఆగాలి. ఆగిన తరువాతే ఎడమ పాదం నేలకు ఆనించాలి. కదులుతుండగా కాళ్ళు ఈడ్చడం మొదటి రోజునే మానాలి. గీత దాటకుండా, గీతకు ముందే ఆగిపోకుండా పదిసార్లు ఆగగలిగినవారే రెండవ గేరుకు పోవాలి.

నాలుగవ మెట్టు: నెమ్మదిగా మలుపులు. ఇటుకలో, ఖాళీ నీళ్ళ సీసాలో వరుసగా పెట్టి వాటి మధ్య వంకరటింకరగా పోవాలి. తరువాత 8 అంకె ఆకారంలో తిరగాలి. దక్షిణాది రవాణా కార్యాలయాలలో చాలాచోట్ల లైసెన్సు పరీక్షలో ఈ ఎనిమిదినే వేయమంటారు. ఇక్కడ ఒకే రహస్యం ఉంది. తల ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. సీసాను చూస్తూ పోయినవాడు సీసానే గుద్దుతాడు, సీసాల మధ్యనున్న ఖాళీని చూసినవాడు దాటిపోతాడు. ఎదురుగా వస్తున్న లారీని చూస్తూ కొయ్యబారిపోయినవారు దాని వైపే పోవడానికి కారణమూ ఇదే.

అయిదవ మెట్టు: వేగం మీద మలుపులు. గంటకు సుమారు 25 కిలోమీటర్లు దాటిన తరువాత బండి ప్రవర్తన మారుతుంది. ఎడమకు మళ్ళాలంటే ఎడమ పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. బండి ఎడమకు ఒరిగి ఎడమకే మళ్ళుతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా, సైకిలు తొక్కే ప్రతివారూ తెలియకుండానే చేసే పని ఇది. తెలిసి చేసేవాడు గుంతను తప్పించగలడు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపు లోపల బ్రేకు వేయవలసిన అవసరం రాకూడదు. మలుపు చివరను చూస్తూ, ఎక్సిలేటరును నిలకడగా ఉంచి బయటపడాలి.

ఆరవ మెట్టు: హఠాత్తుగా ఆగడం. శిక్షణ అంతటికీ గుండెకాయ వంటిది ఇదే గనుక దీనిని విడిగా వివరించవలసి ఉంది.

ముందు బ్రేకు మీద ఉన్న అపోహ

"ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావు" అనే మాట మన పల్లెలలో తండ్రి నుండి కొడుకుకు సంక్రమిస్తూ వస్తున్నది. ఈ మాటలో ఉన్న సత్యం కొద్ది, చేసిన హాని ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు బండి బరువు, దాని మీద కూర్చున్నవారి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. బరువు పడిన చక్రానికే నేల మీద పట్టు ఎక్కువ. అందువలన ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు బ్రేకుదే. వెనుక బ్రేకును మాత్రమే తొక్కేవారు తమ బండి శక్తిలో పెద్ద భాగాన్ని వదులుకుంటున్నారు. అంతేకాదు, బరువు తగ్గిన వెనుక చక్రం బిగుసుకుపోయి పక్కకు జారుతుంది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది. అపాయాన్ని చూసి చేయి బ్రేకును అందుకొనేసరికి ఒక సెకను గడుస్తుందనుకుంటే ఆ 11 మీటర్లు అప్పుడే ముగిసినవి. పొడిగా ఉన్న మంచి తారు రోడ్డు మీద రెండు బ్రేకులనూ సరిగ్గా వాడితే మరొక 9 మీటర్లలో బండి ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు. వెనుక బ్రేకును మాత్రమే వాడితే బ్రేకు వేసిన తరువాతి దూరం దాదాపు రెండింతలవుతుంది. అదే 60 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనుకు 17 మీటర్లు, బ్రేకు వేసిన తరువాత సుమారు 20 మీటర్లు, వెరసి 37 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆగే దూరం దాదాపు రెండింతలు పెరిగింది.

పల్టీ కొట్టడం, జారిపడడం ఎప్పుడు జరుగుతుంది? ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించినప్పుడు, హ్యాండిలు పక్కకు తిరిగి ఉన్నప్పుడు, ఇసుక, కంకర, బురద మీద ఉన్నప్పుడు. కనుక శిక్షణలో నేర్పే పద్ధతి ఇది: హ్యాండిలు నేరుగా ఉంచాలి, చూపు దూరంగా ఉండాలి, రెండు బ్రేకులూ కలిపి వాడాలి, క్లచ్ పట్టాలి. ముందు బ్రేకును తడిబట్ట పిండినట్లు మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బిగించాలి. ముందు చక్రం బిగుసుకున్నట్లు తోస్తే వెంటనే వదలి మరల పట్టాలి. మొదట 15 కిలోమీటర్ల వేగంలో, తరువాత 25లో, చివరకు 40లో సాధన చేయాలి.

2019 ఏప్రిల్ నుండి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్‌ను, అంతకంటె చిన్నవాటికి కనీసం రెండు చక్రాలకూ కలిపి బ్రేకు పడే సీబీఎస్ ఏర్పాటును తప్పనిసరి చేశారు. ఇవి మేలైన సాధనాలే. అయితే ఊళ్ళలో తిరిగే పాత బండ్లలో ఇవి లేవు. ఉన్న బండ్లలో కూడా బ్రేకు వేయవలసినది చేయే. తమ ఇంటి బండిలో ఏ ఏర్పాటు ఉన్నదో నేర్చుకునేవారు ముందే తెలుసుకోవాలి.

కంటికి శిక్షణ

చేతికి, కాలికి ఇచ్చిన శిక్షణ సగమే. మిగిలిన సగం కంటికి ఇవ్వాలి. మంచి శిక్షకులు మూడు పనులు వరుసగా చేయమంటారు: వెదకడం, అంచనా వేయడం, ఆచరించడం. ముందున్న రోడ్డులో ఏమున్నదో వెదకాలి. అది ఏమి కాగలదో అంచనా వేయాలి. ఆ తరువాత వేగం తగ్గించడమో, పక్కకు జరగడమో చేయాలి.

పల్లె రోడ్ల మీద వెదకవలసినవి నగరాలలోని వాటికి భిన్నంగా ఉంటాయి. నూర్పిడి రోజులలో రోడ్డు మీద పరచిన వడ్లు, రాగులు, జొన్నలు గులకరాళ్ళవలె జారుతాయి. వాటి మీద బ్రేకు వేయరాదు, వాటికి ముందే వేగం తగ్గించాలి. ఒక దూడ రోడ్డు దాటిందంటే వెనుక తల్లి ఆవు ఉన్నదని ఊహించాలి. రాత్రివేళ వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు చీకటిలో గోడల వలె నిలబడి ఉంటాయి. దీపపు వెలుతురులో కనిపించే దూరంలోపల ఆగగలిగినంత వేగంతోనే పోవాలి. తొలకరి జల్లు పడిన మొదటి నిమిషాలలో తారు మీది నూనె, దుమ్ము కలిసి రోడ్డు సబ్బుపూసినట్లవుతుంది. ముందు పోయే వాహనానికి కనీసం రెండు సెకన్ల దూరం, వానలో నాలుగు సెకన్ల దూరం ఉంచాలి. ముందు వాహనం ఒక స్తంభాన్ని దాటిన క్షణం నుండి లెక్కపెడితే ఈ దూరం తెలుస్తుంది.

చట్టం ఇచ్చిన ముప్పై రోజులు

పల్లెలలో ఎల్.ఎల్.ఆర్. అని పిలిచే అభ్యాస లైసెన్సును చాలామంది ఒక కాగితపు తంతుగా భావిస్తారు. నిజానికి కేంద్ర మోటారు వాహన నిబంధనలు దానిని శిక్షణా కాలంగానే ఉద్దేశించాయి. అభ్యాస లైసెన్సు ఆరు నెలల పాటు చెల్లుతుంది. అది పొంది కనీసం 30 రోజులు గడిచిన తరువాతే అసలు పరీక్షకు పోవాలి. ఈ కాలంలో బండికి ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పడానికి లైసెన్సు గలవారు తప్ప వేరెవ్వరూ వెనుక కూర్చోరాదు. చెల్లెలిని బడిలో దించిరావడం ఈ ముప్పై రోజులలో కూడదు. గేరు లేని బండికి తీసుకున్న లైసెన్సు గేరు బండికి చెల్లదని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ముప్పై రోజులను నాలుగు వారాలుగా పంచుకుంటే ఇంటి వద్దనే ఒక చిన్న శిక్షణ అవుతుంది. మొదటి వారం ఇంజను ఆపి తోయడం, క్లచ్ సాధన, గీత వద్ద ఆగడం. రెండవ వారం సీసాల మధ్య నడకలు, ఎనిమిది. మూడవ వారం హఠాత్తుగా ఆగడం, మలుపులు. నాలుగవ వారం ఉదయం వేళ వాహనాలు తక్కువగా ఉన్న ఊరి రోడ్డు మీద, లైసెన్సు గల పెద్ద వెంట ఉండగా ప్రయాణం. రోజుకు అరగంట చాలు. అలసిన చేయి తప్పులనే అలవాటు చేసుకుంటుంది. చీకటిలో, వానలో, వెనుక మనిషితో ప్రయాణం లైసెన్సు వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా నేర్చుకోవలసినవి.

లిపి మారినా గుర్తు మారదు

సరిహద్దు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పది కిలోమీటర్లు పోగానే బోర్డుల మీది లిపి మారిపోతుంది. తెలుగు మాత్రమే చదువగల అవ్వ కన్నడ బోర్డును, తమిళం చదువుకున్న మనవడు తెలుగు బోర్డును, ఒరియా బడిలో చదివిన పిల్ల రెండింటినీ చూసి తడబడవచ్చు. అయితే రహదారి గుర్తుల భాష దేశమంతటా ఒక్కటే. ఎర్ర అంచు గల త్రిభుజం హెచ్చరిక. ఎర్ర అంచు గల వృత్తం నిషేధం లేదా పరిమితి. నీలి వృత్తం తప్పక చేయవలసిన పని. నీలి చతురస్రం సమాచారం. ఎనిమిది భుజాల ఎర్ర పలక ఆగమని, తలకిందులైన త్రిభుజం దారి ఇమ్మని చెబుతాయి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఈ ఆకారాలను పెద్దలకు ఒక ఆదివారం నేర్పవచ్చు. అభ్యాస లైసెన్సుకు జరిగే ప్రాథమిక పరీక్షలో 60 శాతం ప్రశ్నలకు సరైన సమాధానాలు కావాలి. అందులో ఈ గుర్తులకు పెద్ద పీట.

మరొక సందేహం తరచు వినవస్తుంది. కర్ణాటకలో తీసుకున్న లైసెన్సు ఆంధ్రలో చెల్లుతుందా? చెల్లుతుంది. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం అభ్యాస లైసెన్సయినా, శాశ్వత లైసెన్సయినా దేశమంతటా చెల్లుబాటవుతుంది. దరఖాస్తు మాత్రం సాధారణంగా తాము నివసించే రాష్ట్రంలోని కార్యాలయంలో చేసుకోవాలి. డిజిలాకరులో ఉంచిన లైసెన్సును కూడా తనిఖీలో అంగీకరించాలి. ప్రమాదం జరిగితే దేశమంతటా 112 సంఖ్యకు ఫోను చేయవచ్చు. సరిహద్దులో ఉన్నవారు మొదట రాష్ట్రం, జిల్లా, ఆపైన ఊరి పేరు చెప్పడం మంచిది. గాయపడినవారిని సద్భావంతో ఆదుకున్నవారిని కేసులలో చిక్కుకోకుండా 2019 చట్ట సవరణ కాపాడుతుంది.

తల నుండి పాదం వరకు

హెల్మెట్టు మరణ ప్రమాదాన్ని దాదాపు 42 శాతం, తలగాయాల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని పలు దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఐఎస్ఐ ముద్ర గలదానినే కొనాలి. 2021 జూన్ నుండి ఆ ముద్ర లేని హెల్మెట్లు అమ్మడం చట్టవిరుద్ధం. తలకు గట్టిగా పట్టాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ బిగించని హెల్మెట్టు తలకంటె ముందే రోడ్డు మీద పడుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని మరల వాడరాదు. నాలుగేళ్ళు దాటిన పిల్లలతో సహా వెనుక కూర్చున్నవారికీ ఇది తప్పనిసరి.

సాధన సమయంలో మడమలు కప్పే బూట్లు, నిండు చేతుల చొక్కా, మందమైన ప్యాంటు ఉండాలి. చెప్పులతో గేరు తొక్కరాదు. పంచె, చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకున్న సంఘటనలు ఊరూరా వినవస్తాయి. వెనుక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, పాదాలకు ఆధారం బండికి ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం వాటిని ఊడదీయించడం ఇంటి ఆడవారి ప్రాణాలతో చెలగాటం.

తల్లిదండ్రుల బాధ్యత

పదహారేళ్ళకు స్కూటరు నడపవచ్చునన్న అభిప్రాయం పల్లెలలో బలంగా ఉంది. చట్టం ఆ వయసులో అనుమతించేది 50 సీసీకి మించని బండిని మాత్రమే. ఇళ్ళలో ఉన్న స్కూటర్లు సాధారణంగా 110 సీసీ, 125 సీసీవి గనుక వాటికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న సవరణ ప్రకారం మైనరు చేతికి బండి ఇచ్చి నేరం జరిగితే తల్లిదండ్రులకో, యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు అర్హత ఉండదు. లైసెన్సు లేనివాడు ప్రమాదం చేస్తే బీమా సంస్థ బాధితులకు చెల్లించిన సొమ్మును బండి యజమాని నుండి రాబట్టుకొనే అవకాశం ఉంది. ఎకరా పొలం అమ్మినా తీరని అప్పు అది.

కుమారుడికి నేర్పే శ్రద్ధ కుమార్తెకు, కోడలికి కూడా చూపవలసి ఉంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, పొరుగూరి కళాశాలకు పోయే అమ్మాయిలు ఒకరి వెనుక కూర్చునే పరిస్థితిలోనే ఉండిపోతే వారి ప్రాణాలు నడిపేవాడి నేర్పు మీదనే ఆధారపడతాయి. ప్రభుత్వ బడి ఇచ్చిన సైకిలు తొక్కిన పిల్లకు నిలకడ ముందే వచ్చి ఉంటుంది. మిగిలినది ముప్పై రోజుల సాధన.

ఒక హెచ్చరిక

శిక్షణ పొందిన మాత్రాన ప్రమాదాలు వాటంతట అవి తగ్గిపోవు. 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష మోటారు సైకిలు శిక్షణలను పరిశీలించి, శిక్షణ ఒక్కటే ప్రమాదాలను ఎంత తగ్గిస్తుందో అందుబాటులోని ఆధారాలతో నిర్ణయించలేమని చెప్పింది. శిక్షణ ముగిసిన రోజున కలిగే ధైర్యం నైపుణ్యం కంటె పెద్దదై కూర్చుంటే ఆ శిక్షణ వలన లాభం లేదు. మైదానంలో నేర్చినది నెలకొకసారైనా మైదానంలోనే మరల సాధన చేయాలి. మద్యం తాగినప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, ఇంట్లో తగవు పడి కోపంతో ఉన్నప్పుడు తాళం ముట్టకపోవడం కూడా నేర్పులో భాగమే.

సేద్యం నేర్పేటప్పుడు మన పెద్దలు కొత్తవాడి చేతికి నాగలి ఇచ్చి మడిలోకి తోలేవారు కారు. ముందు ఎద్దులను మాలిమి చేసుకోవడం, పలుపు పట్టడం, "హో" అంటే ఆగేటట్లు చేయడం నేర్పేవారు. ఆగని ఎద్దును ఎవ్వరూ కాడికి కట్టరు. మోటారు సైకిలు విషయంలోనూ అదే వరుస పాటించాలి. ఇంట్లో కొత్తగా బండి నేర్చుకుంటున్నవారు ఉంటే, "ఎంత దూరం పోయివచ్చావు?" అని అడగడం మాని, "ఈ రోజు ఎన్నిసార్లు సరిగ్గా ఆపావు?" అని పెద్దలు అడగడం మొదలుపెట్టాలి. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినవారికే బండి తాళం ఇవ్వడం కుటుంబానికి శ్రేయస్కరం.